మా బావ వదిలేసిన కొక్కెం

మా బావ లిఫ్టు మెకానిక్కు. రిటైరై చాలాకాలమైంది గానీ, ఎవరైనా "మీరు లిఫ్టు మెకానిక్కుగా చేసేవారట కదా" అంటే ఒప్పుకోడు. "చేసేవాణ్ణి కాదు, మెకానిక్కునే" అంటాడు. ఇప్పటికీ ఏ భవనంలో లిఫ్టెక్కినా, తలుపు మూసుకోగానే తనూ కళ్ళు మూసుకుని, తల ఒక పక్కకి వాల్చి, తాళ్ళ చప్పుడు వింటాడు. దిగాక కాపలావాడి దగ్గరికి వెళ్ళి, "మూడో అంతస్తు దాటేటప్పుడు దగ్గుతోంది, చూపించండి" అని చెప్పి మరీ బయటికొస్తాడు. మేం పెళ్ళిచూపులకి వెళ్ళినా, పరామర్శకి వెళ్ళినా ఇదే వరస.

ఆయన సర్వీసులో ఉన్నప్పుడు ఒక పాత లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయిందట. లోపల ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. ఒకరికొకరు తెలీదు. బావ పనిముట్ల సంచి తీసుకుని వెళ్ళేలోపల వాళ్ళకి పరిచయమైంది, ప్రేమైంది, పుట్టబోయే పిల్లలకి పేర్లు పెట్టడంలో గొడవైంది, రాజీ కూడా అయిపోయింది. బావ తలుపు తెరిస్తే, "అంత తొందరేం వచ్చిందండీ" అని ఆ అబ్బాయి విసుక్కున్నాడట. ఈ కథలో సగం బావ చెప్పింది, మిగతా సగం నేను కలిపింది. ఏ సగం ఎవరిదో ఇప్పుడు మా ఇద్దరికీ గుర్తులేదు.

కలపకుండా చెప్పాల్సినవి రెండున్నాయి. అవి బావ నియమాలు. మొదటిది: ఏ భాగం మార్చినా, ఆ లిఫ్టులో మొదటి ప్రయాణం తనదే. ఏమైనా అయితే తనకే అవ్వాలి. రెండోది: అరిగిపోయి బయటికొచ్చిన ముక్క మళ్ళీ లోపలికి వెళ్ళకూడదు. వెళ్ళకూడదని ఊరుకోడు, వెళ్ళడానికి వీల్లేకుండా చేస్తాడు. ఇనుమైతే సుత్తితో వంచేస్తాడు, రబ్బరైతే కత్తెరతో ముక్కలు చేస్తాడు. "పాత ముక్క సంచిలో ఉందనుకో, కొత్తది దొరకని రోజు చెయ్యి దాని మీదికే పోతుంది. చేతికి ఆశ పెట్టకూడదు" అంటాడు.

ఆయన భార్య మా అక్క. టెలిఫోను ఆపరేటరుగా చేసింది. ఎవరికో ఎవరితోనో లైను కలిపి, వాళ్ళు మాట్లాడుకోవడం మొదలెట్టగానే తను పక్కకి తప్పుకోవడం ఆమె ఉద్యోగం. రిటైరయ్యాక నిమ్మకేకు మీద పడింది. నేను తిన్న కేకుల్లో అలాంటిది లేదు. లోపల దూదిలా ఉంటుంది. పైన మాత్రం సన్నటి పెచ్చు, ఎండిన చెరువు నేలలా పగుళ్ళిచ్చి, పంటి కింద కరకరమంటుంది. ఒకసారి నేను కిటికీ దగ్గర కూర్చుని ఆ పెచ్చు కొరికితే, ఎదురింటి మేడ మీద బట్టలారేస్తున్న ఆవిడ "ఎవరండీ పెంకులు తొక్కుతోంది?" అని తొంగిచూసింది.

అక్క గడియారం చూసి కేకు చెయ్యదు. ఓవెన్‌కి కుడిపక్కన నిలబడుతుంది. కాసేపటికి ఆమె కళ్ళజోడుకి ఆవిరి పడుతుంది. అద్దాలు తెల్లబడ్డాయంటే కేకు అయిందన్నమాట. కొంగుతో తుడుచుకుని తలుపు తీస్తుంది. కళ్ళజోడుతో వంట చెయ్యడమేమిటని నేనెప్పుడూ అడగలేదు. తినేవాడికి అవన్నీ ఎందుకు?

కేకు చేసిన ప్రతిసారీ ఇరుగుపొరుగుకి పంచేది. అందరూ నోటినిండా పెట్టుకుని "బావుంది" అనేవాళ్ళు. అదే ఆమె బాధ.

"ఊరికే పెడితే బావుందనక ఏమంటార్రా?" అంది ఒకరోజు నాతో. "నా మొహం చూడని మనిషి, నా మొహమాటం లేని మనిషి తిని, 'ఇది నాకు కావాలి' అనాలి. ఒక్కసారి. ఇన్నేళ్ళూ ఊళ్ళోవాళ్ళందరికీ లైన్లు కలిపాను. నాకంటూ ఒక్క కాల్ రాలేదు."

ఆ మాట నాలో ఉండిపోయింది. మర్నాడు ఒక ముక్క రుమాల్లో చుట్టుకుని, గ్రంథాలయం పక్కనున్న కాఫీ కొట్టుకి వెళ్ళాను. ఆ కొట్టు నడిపే ఆవిడ నవ్వగా చూసినవాళ్ళు లేరు. కాఫీ ఎంత చిక్కగా పోస్తుందో మాటలు అంత పలచగా వాడుతుంది. నేను కాఫీ చెప్పి, బల్ల కింద రుమాలు విప్పాను.

"బయటి తిండి ఇక్కడ తినకూడదు" అంటూ వచ్చి ముక్క లాక్కుంది.

"తినడానికి కాదండీ, చూసుకోడానికి తెచ్చుకున్నా" అన్నాను.

ఆవిడ ముక్కని వాసన చూసింది. ఒక మూల కొరికింది. కరకరమని చప్పుడైంది. పక్కబల్ల దగ్గర పేపరు చదువుతున్నాయన పేపరు దించాడు. ఆవిడ నిలబడే చివరిదాకా తినేసి, చేతులు దులుపుకుంది.

"ఎవరు చేశారు?"

"మా అక్క."

"శనివారం పొద్దున కొట్టు తెరిచేసరికి ఒక కేకు కావాలి, కొయ్యకుండా. పైన ఇలాగే ఉంటే రోజూ తీసుకుంటా. మెత్తగా ఉంటే మాత్రం వద్దు. మెత్తటి కేకులు ఎక్కడైనా దొరుకుతాయి."

ఇంటికొచ్చి చెబితే అక్క ముందు నన్ను తిట్టింది. "అడక్కుండా పట్టుకెళ్ళడానికి నీకు సిగ్గులేదట్రా? కాన్వెంటులో ఇదేనా నేర్పింది?" అని. నిజానికి కాన్వెంటులో సిస్టర్లు నాకు అడిగి తీసుకోవడమే నేర్పారు. కాకపోతే అడిగితే ఇవ్వనివాళ్ళ సంగతి వాళ్ళు చెప్పలేదు. తిట్టడం అయిపోయాక అక్క వంటింట్లోకి వెళ్ళింది. ఏదో కడుగుతున్న చప్పుడు. వెళ్ళి చూస్తే, అటక మీద ఎప్పటినుంచో పడివున్న గాజు మూతని, కేకు మీద బోర్లించేదాన్ని, తళతళలాడేలా తోముతోంది. నన్ను చూసి అటు తిరిగి నిలబడింది.

ఆ సాయంత్రమే ఓవెన్ టప్‌మంది. వెనక నుంచి ఒక పొగ పాయ లేచింది. అంతే. స్విచ్చేస్తే దీపం వెలుగుతోంది గానీ లోపల వేడి లేదు.

అక్క మొహం వాడిపోయింది. బావ మొహం వెలిగిపోయింది. వెలిగిన మొహాన్ని దాచుకోడానికి పాపం చాలా అవస్థ పడ్డాడు.

"అయ్యయ్యో" అన్నాడు, పనిముట్ల సంచికోసం పరిగెడుతూ.

ముందు ప్లగ్గు పీకి, దానికి ఎర్రగుడ్డ చుట్టాడు. తర్వాత మంచం కింద నుంచి తన పాత రేకుబోర్డు తీశాడు. 'పని జరుగుతోంది. తలుపు తెరవరాదు' అని ఉంటుంది దాని మీద. తెచ్చి వంటింటి గుమ్మానికి వేలాడదీశాడు.

"ఏవండీ, ఇక్కడ వంట కూడా జరగాలి" అంది అక్క.

"ఈ ఒక్కపూటా మెట్లెక్కి వెళ్ళు" అన్నాడు బావ, ఏ లోకంలో ఉన్నాడో.

ఓవెన్‌ని ముందుకి జరిపి, వెనక రేకు విప్పి, ప్రతి వైరుకీ ఒక రంగు దారం కట్టాడు, ఏది ఎక్కడిదో మరిచిపోకుండా. కింది కాయిల్ రెండు కొసలకీ మీటరు పెట్టాడు. ముల్లు కదల్లేదు. కాయిల్ బయటికి లాగితే, వంపు దగ్గర బొబ్బలా ఉబ్బి పగిలివుంది.

"చూశావా, ఇన్నేళ్ళు వేడెక్కీ చల్లారీ, వేడెక్కీ చల్లారీ ఇలా అయింది" అన్నాడు బావ నాతో.

"నాకు తెలుసులే, నాకూ పెళ్ళయింది" అన్నాను.

పాత కాయిల్ సంచిలో వేసుకుని ఇద్దరం స్పేరుపార్టుల షాపుకెళ్ళాం. షాపతను దాన్ని అటూఇటూ తిప్పి, "ఇది పుట్టేనాటికి నేను పుట్టలేదండీ. కొత్త ఓవెన్ కొనుక్కోండి" అన్నాడు.

"అలసిపోయింది కాయిల్ ఒక్కటే నాయనా, ఓవెన్ కాదు. ఆ వెనక అరలో చూడు" అన్నాడు బావ. చివరికి తనే కౌంటరు లోపలికి దూరి, వంపులు పోల్చుకుంటూ అరంతా గాలించాడు. దుమ్ములోంచి సరిగ్గా అలాంటిది బయటపడింది. బావ దాన్ని ఎత్తి పట్టుకున్న తీరు చూసి, షాపులో ఉన్న ఇంకో ఇద్దరు గిరాకీలు ఏం దొరికిందోనని దగ్గరికొచ్చారు.

కాయిల్ బిగించగానే అక్క ఒక చిన్న కేకు చేసింది. కళ్ళజోడు తెల్లబడింది, పైన పెచ్చు పగిలింది. మొదటి ముక్క ముందు తనే నోట్లో పెట్టుకుని నమిలాడు బావ, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, లిఫ్టులో నిలబడ్డంత జాగ్రత్తగా. "ఎక్కొచ్చు" అన్నాడు. అప్పుడు మేం తిన్నాం. పాత కాయిల్‌ని పట్టకారుతో మెలితిప్పి చెత్తలో వేశాడు.

మర్నాడు థర్మోస్టాట్ మార్చాడు. అదీ అరిగిపోయింది, మీట ఎక్కడ పెట్టినా వేడి దాని ఇష్టమే. దానికి వెనక ఎలకతోకలాంటి సన్నటి రాగి గొట్టం ఉంటుంది. దాన్ని వంకర పోకుండా లోపలికి దూర్చడానికి బావ ఊపిరి బిగబట్టాడు. నేనూ బిగబట్టాను. వంటింట్లో కాసేపు ఈగ కూడా ఎగరలేదు. మళ్ళీ కేకు, మళ్ళీ మొదటి ముక్క బావకి, మళ్ళీ "ఎక్కొచ్చు". పాత థర్మోస్టాట్ సుత్తి కింద పడి చచ్చింది. రెండో ముక్క నేను మర్యాదగా అడిగి తీసుకున్నాను. మూడోదానికి మర్యాద అయిపోయింది.

"ఇక చాలండీ, అంతా బావుంది. దేనిమీదా చెయ్యి వెయ్యకండి" అంది అక్క.

"నేనెందుకు వేస్తాను?" అన్నాడు బావ. కానీ ఆయన కళ్ళు తలుపు చుట్టూ ఉన్న రబ్బరు మీదే ఉన్నాయి. అది కుడివైపు పై మూలలో అరిగి, నల్లబడి, నక్క కొరికినట్టు ఉంది. బావ సంచిలో కొత్త రబ్బరు చుట్ట ఒకటి అప్పటికే ఉంది. కాయిల్ కొన్నప్పుడే కొన్నాడు. ఆ సంగతి నాకు తెలుసు, అక్కకి తెలీదు.

శుక్రవారం పొద్దున పక్కింటివాళ్ళ చెట్టు నిమ్మకాయల కోసం అక్క అలా వెళ్ళింది. ఆ కాయలు తప్ప వేరే కాయలు కేకులో వెయ్యదు. ఆమె తిరిగొచ్చేసరికి పాత రబ్బరు ఊడింది, కొత్తది బిగిసింది, నాలుగు మూలలా దాన్ని పట్టివుంచే నాలుగు కొక్కేలు టకటకా పడ్డాయి. పాతది కత్తెర కింద ముక్కముక్కలై చెత్తబుట్టలో పడింది.

"ఇప్పుడు చూడు, చీమ ఊపిరి కూడా బయటికి రాదు" అన్నాడు బావ.

అక్క చివరిసారిగా సరిచూసుకుందామని ఒక కేకు పెట్టి, ఓవెన్ కుడిపక్కన నిలబడింది. నిలబడింది. నిలబడేవుంది. కళ్ళజోడు తెల్లబడదే! వాసన మాత్రం ఇల్లంతా నిండిపోయింది. ఇక ఉండబట్టలేక తలుపు తీస్తే, లోపలి ఆవిరంతా ఒక్కసారిగా ఆమె మొహాన కొట్టింది. కేకు బయటికి తీసింది. పైన పెచ్చు లేదు, పగుళ్ళు లేవు. తడిచిన తలగడలా ఉంది. వేలితో నొక్కితే లోపలికి పోయి, మళ్ళీ నిదానంగా పైకొచ్చింది.

మొదటి ముక్క బావ తిన్నాడు. "బావుంది" అన్నాడు.

"నోటినిండా పెట్టుకుని చెప్పకండి" అంది అక్క.

"పిండిలో తేడా వచ్చుంటుంది."

"అదే డబ్బాలో పిండి."

"నిమ్మకాయలు పచ్చివేమో."

"అదే చెట్టువి."

"అయితే కొత్త థర్మోస్టాట్..."

"నిన్న దానితోనేగా ఎక్కొచ్చన్నారు?"

బావకి దారులన్నీ మూసుకుపోయాయి. నా వైపు చూశాడు. నేను తలగడ ముక్క తింటూ సీలింగు వైపు చూశాను.

అక్క కళ్ళజోడు తీసి, ఆవిరి తుడిచి, వెలుతురులో పట్టుకుంది. "ఇన్నేళ్ళూ ఆ మూలనుంచే ఆవిరి వచ్చి ఈ అద్దాల మీద పడేది. ఆవిరి బయటికి పోబట్టే కేకు పైన ఎండి పగిలేది. ఇప్పుడు లోపలే ఉండి మెత్తబెట్టింది. పాత రబ్బరు ఇలా ఇవ్వండి, మళ్ళీ పెట్టుకుందాం."

బావ చెత్తబుట్ట వైపు చూశాడు. అక్క కూడా చూసింది. ఆమె అరవలేదు. అరిచివుంటే మాకు హాయిగా ఉండేది. ఆపరేటరు గొంతుతో, చాలా మర్యాదగా, "లైను కలవలేదండీ" అంది. లోపలికి వెళ్ళి, తోమి పెట్టుకున్న గాజు మూతని గుడ్డలో చుట్టి అటక మీద పెట్టబోయింది.

"ఉండవే, ఉండు!" అన్నాడు బావ.

"కేకు పెట్టి తలుపు సందులో చెక్కగరిటె దూర్చితే సరి" అన్నాను నేను.

"నోరుమూసుకోరా. తలుపంతా తెరుచుకుంటే ముందున్న మీటలు కరిగిపోతాయి. రావాల్సింది ఆ మూలనుంచే, ఆ కాస్తే." బావ ఓవెన్ ముందు నేలమీద చతికిలబడ్డాడు. కొత్త రబ్బరుని అలా చూస్తూ కూర్చున్నాడు. కుడివైపు పై మూల కొక్కెం దగ్గర ఆయన చూపు ఆగింది. అది ఒక్కటీ తీసేసి, రబ్బరుని కొంచెం కిందికి జరిపితే, సరిగ్గా పాత కన్నమంత సందు వస్తుంది. నాకే అర్థమైందంటే ఆయనకి ఎప్పుడో అర్థమైవుంటుంది. కానీ చెయ్యి లేవలేదు.

పాత ముక్కని లోపలికి పంపని మనిషి ఆయన. బిగించాల్సిన కొక్కేన్ని వదిలెయ్యడం పుట్టాక చెయ్యలేదు. నుదుటి మీద చెమట పట్టింది.

"నువ్వు తియ్యవే. నేను గోడవైపు తిరుగుతాను" అన్నాడు అక్కతో.

"పెట్టింది మీరు, మీరే తియ్యండి."

"తీస్తే అది రిపేరు కాదు."

"ఇది లిఫ్టు కాదండీ. ఎవరూ కిందపడరు." అక్క గొంతు తగ్గించింది. "పడితే రేపు నేనొక్కదాన్నే."

బావ ఆమె వంక చూశాడు. ఆమె చేతిలో ఉన్న గాజు మూత వంక చూశాడు. కళ్ళు మూసుకుని, వేలితో కొక్కెం ఎత్తాడు. టిక్‌మంది. ఏదో పన్ను పీకించుకున్నవాడిలా "అమ్మా" అన్నాడు.

మళ్ళీ సరిచూసుకోడానికి వీల్లేదు. పరీక్షల్లో ఖర్చయినవి పోగా నిమ్మకాయలు ఒక్క కేకుకే మిగిలాయి. చెట్టుమీద ఉన్నవి గోళీకాయలంత పిందెలు. ఆ ఒక్క కేకూ శనివారం పొద్దున తాజాగా చెయ్యాలి, కొయ్యకుండా తీసుకెళ్ళాలి. అంటే బావ రెండో నియమం దక్కినా మొదటిది పోయినట్టే. మొదటి ప్రయాణం ఆయనది కాదు. ఆ రాత్రి ఆయన నిద్రపోలేదని అక్క చెప్పింది. తను నిద్రపోతే ఆ సంగతి ఆమెకెలా తెలిసిందో నేనడగలేదు.

పొద్దున్నే నేను వెళ్ళేసరికి అక్క ఓవెన్ కుడిపక్కన నిలబడివుంది. బావ ఎడమపక్కన గోడకి ఆని, మాటిమాటికీ మీటల మీద, పక్క రేకు మీద అరచెయ్యి పెట్టి చూస్తున్నాడు. "వెచ్చగానే ఉంది, కాలడం లేదు" అంటున్నాడు తనలో తను. మేమిద్దరం ఓవెన్‌ని కాదు, అక్క కళ్ళజోడుని చూస్తున్నాం. అక్క కూడా అదే చూస్తోంది, లోపలినుంచి. ఎంతకీ ఏమీ లేదు. తర్వాత కుడి అద్దం కింది అంచున చిన్న తెల్లమరక పుట్టింది. పాకింది. ఎడమ అద్దానికీ ఎక్కింది. అక్క కళ్ళు కనిపించకుండా పోయాయి, పళ్ళు కనిపించాయి.

బయటికొచ్చిన కేకు పైన పగుళ్ళున్నాయి. చూడ్డానికి సరే, పంటి కింద ఎలా ఉంటుందో ఎవరికి తెలుసు? బావ ఒక అంచు గిల్లబోతే అక్క చేతిమీద ఒక్కటిచ్చింది.

ముగ్గురం కాఫీ కొట్టుకి బయల్దేరాం. అక్క గాజు మూత పట్టుకుంది, నేను పళ్ళెం పట్టుకున్నాను, బావ నా మోచేతుల కింద చేతులు పెట్టుకుని నడిచాడు, నేనెక్కడ జారిపోతానోనని. కొట్టావిడ అప్పుడే తలుపులు తీస్తోంది. కేకు చూసింది, కత్తి తెచ్చింది, ఒక ముక్క కోసింది. ఎత్తి నోటిదాకా తెచ్చింది.

"ఆగండి!" అన్నాడు బావ. "మొదటి ముక్క నేను తింటాను."

"ఎందుకు?"

"ఏమైనా అయితే నాకే అవ్వాలి."

కొట్టావిడ ముక్క దించి, బావని పైనుంచి కిందిదాకా పరకాయించి చూసింది. "ఏం కలిపారు ఇందులో?"

నాకు నవ్వాగలేదు. అక్క మొహం పాలిపోయింది. ముందుకొచ్చి బావ చెయ్యి పట్టుకుంది. "ఏవండీ, నా కేకు. పక్కకి రండి" అంది. లైను కలిపి పక్కకి తప్పుకోవడం అక్కకి అలవాటు. బావకి అది మొదటిసారి. అయినా తప్పుకున్నాడు. తప్పుకుని, కళ్ళు మూసుకుని, తల ఒక పక్కకి వాల్చి నిలబడ్డాడు.

కొట్టావిడ కొరికింది.

కరకర. గాజు పలకల మీద చినుకులు పడ్డట్టు. అది విని వీధి చివరి కుక్క లేచి ఇటొచ్చిందని నేను చెబితే మీరు నమ్మరు. కానీ వచ్చింది.

"దగ్గు లేదు" అన్నాడు బావ, కళ్ళు తెరవకుండానే.

కొట్టావిడ ముక్క పూర్తిచేసి, వేళ్ళు దులుపుకుని, అక్క మొహం అప్పుడు చూసింది. "ఇది నాకు కావాలి. రేపట్నుంచి రోజూ" అంది. నవ్విందని చెప్పలేను గానీ, అటువైపు ఏదో కదిలింది.

అక్క మిగిలిన కేకు మీద గాజు మూత బోర్లించి, దాన్ని కౌంటరు మధ్యకి కొంచెం జరిపింది. కళ్ళజోడు మళ్ళీ తెల్లబడింది. ఓవెన్ అక్కడెక్కడా లేదు.

రేపటికి నిమ్మకాయలెక్కణ్ణుంచి వస్తాయన్నది దారిలో గుర్తొచ్చింది. చివరికి అక్క తన పట్టు ఒక మెట్టు దిగి, వెనకవీధి చెట్టు కాయలకి ఒప్పుకుంది. ఆ చెట్టు పక్కింటి చెట్టుకి చెల్లెలని నేను చెబితే నమ్మింది.

ఇప్పుడు బావ రోజూ పొద్దున కాఫీ కొట్టులో ఒక మూల కూర్చుంటాడు. కాఫీ చెప్పి, చల్లారబెట్టుకుని, కళ్ళు మూసుకుని, ఎవరు ముక్క కొరికినా వింటాడు. ఇంట్లో ఓవెన్ తలుపుకి కుడివైపు పై మూల కొక్కెం ఇంకా వదులుగానే ఉంది. మొన్న ఎవరో చుట్టం, చేతికి పనిలేక, "అయ్యో ఊడిందే" అని బిగించబోయాడు. అక్క కాదు, బావే పరుగెత్తుకొచ్చి అతని చెయ్యి పట్టుకున్నాడు. ఆ తర్వాత మంచం కింద నుంచి రేకుబోర్డు తీసి, ఆ మూలకి వేలాడదీశాడు. 'పని జరుగుతోంది.'